కోడి కింద నీళ్ల సీసాలు

మా మామ పోయాడు. వానలు ఇంకా పడలేదు. ఔటర్ రింగు రోడ్డు పనికి తిరిగే లారీల దుమ్ము మా గడపల మీద మందంగా పేరుకుంటున్న రోజులు. పొద్దున్నే చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, "జర నడుము వాలుస్త" అని మంచమెక్కాడు. అత్త వేడి వేడి జొన్నరొట్టె పట్టుకొచ్చేసరికి ఊపిరి లేదు. నేను పరుగెత్తుకెళ్లి, ఏం చేయాలో తోచక, చెంబులో నీళ్లు తెచ్చి ఆయన పెదవుల మధ్య పోశాను.

అత్త పెట్టిన కేకకు అందరికంటే ముందు వచ్చింది ఎదురింటి ఖాలా. కోళ్లకు నూకలు చల్లుతున్నదల్లా చేతిలో చాటతోనే వచ్చేసింది. "యా అల్లా, భాయ్!" అని మంచం పక్కన కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నట్టుండి తలెత్తి నన్నడిగింది.

"బేటీ, ఆఖరికి నోట్లె నీళ్లు వోసిన్రా?"

"వోసిన ఖాలా."

"ఏ నీళ్లు?"

గుమ్మంలో కర్ర ఆనించి చెప్పులు విడుస్తున్న పటేలు కూడా ఆ మాటకు ఆగిపోయాడు. పటేలు మా ఊరి మామిడితోట ఆసామి. మా మామకు చాలా ఏళ్లు శత్రువు, ఆ తర్వాత స్నేహితుడు. "అవునమ్మా, ఏ నీళ్లు?" అన్నాడు ఆయన కూడా.

కాచి చల్లార్చినవని చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, అయితే ఫరవాలేదన్నట్టు తలలూపారు. అప్పుడు గానీ పటేలు కండువా మొహానికి అడ్డం పెట్టుకోలేదు. చావింట్లో ఇదేం విడ్డూరమని మీకు అనిపించవచ్చు. పోయిన మనిషి ఎలాంటివాడో చెబితే అనిపించదు.

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. మామ ఆ దారిలోనే బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాడని డిపోవాళ్లు అన్నారే గానీ మామ ఏనాడూ ఒప్పుకోలేదు. ఇంటికి చుట్టాలొస్తే గుమ్మంలో నిలబడి "జరుగుండ్రి, లోపటికి జరుగుండ్రి, మస్తు జాగున్నది" అనేవాడు. అన్నం వడ్డిస్తుంటే చాలు అనడు, "హోల్డాన్" అంటాడు. ఇంకాస్త కావాలంటే "రైట్". మా పెండ్లిలో తాళి కట్టించి అయ్యగారు మంత్రం ఇంకా ముగించనే లేదు, వెనక నుంచి "రైట్ రైట్" అని వినబడింది. కల్పించి చెప్పడం లేదు, పీటల మీద కూర్చుని నేనే విన్నాను.

ఆయన్ను నేను నోరారా "మామయ్యగారూ" అని పిలిచింది ఒక్కసారే. "టికెట్లు కొట్టేటోణ్ని, గారు ఏందే నాకు? మామా అను, సాలు" అన్నాడు. అంతకుముందు పెండ్లిచూపులకు సూరారంలో మా పుట్టింటికి వచ్చినప్పుడు నన్ను అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే. "సూరారంల ఏ స్టాపు?" చెప్పాను. "ఆ స్టాపోళ్లు మంచోళ్లు. చిల్లర తెచ్చుకుంటరు" అని సంబంధం ఖాయం చేసేశాడు. మా నాయిన కట్నం సంగతి ఎత్తబోతే "జరుగుండ్రి, భోజనాలకు జరుగుండ్రి" అన్నాడట.

ఫ్యాక్టరీల పక్కన సూరారంలో పెరిగినదాన్ని కదా, బిందె దించగానే నీళ్లు వాసన చూడటం నాకు అలవాటు. అక్కడ మా ఇంట్లో పిల్లా పెద్దా అందరికీ అలవాటే. కాపురానికి వచ్చిన రోజు అత్త ఇచ్చిన గ్లాసును కూడా అలాగే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మామ చూడనే చూశాడు. "ఏందే, మా బోరింగు నీళ్లు వాసన సూస్తున్నవా?" అని అలిగి పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ అలకకు కారణం ఉంది. మా గోడ పక్కన ఉన్న ఆ చేతిపంపు, మేము బోరింగు అంటాం, మామ తెచ్చినది. డ్యూటీ దిగి, అదే యూనిఫాం మీద ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వేయించాడు. దాని పిడికి ఎర్ర రంగు కూడా తానే పూశాడు. వాడకట్టంతా అక్కడే నీళ్లు పట్టేది. పొద్దున బిందెల వరస మొదలవగానే మామ మెడలో విజిల్ వేసుకుని గోడమీదికి ఎక్కి కూర్చునేవాడు. బిందె నిండితే ఒక ఊదు, పక్కకు జరగకపోతే రెండు ఊదులు. గోడకు ఇవతల మా పెరట్లో మరుగుదొడ్డి. దాని గుంత కూడా ఆయన స్వయంగా తవ్వుకున్నదే. మా వాడకట్టులో మొదటి మరుగుదొడ్డి మాదేనని వచ్చినవాళ్లందరికీ తలుపు తీసి చూపించేవాడు. చూసినవాళ్లు ఏమనాలో తెలియక, బాగుంది అనేవాళ్లు.

తొంభైల చివర్లో ఒక వానాకాలం మా వాడకట్టులో పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. ఖాలా మనవడు కళ్లు పీక్కుపోయి మంచాన పడ్డాడు. వాడు లేచాడో లేదో నా బిడ్డ కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. ఐదేళ్ల పిల్ల, ఎప్పుడూ తాత మెడమీదే ఉండేది. "నా బస్సుల ఫ్రీ పాసు దీనొక్కదానికే" అనేవాడు మామ. అది తలెత్తలేక నా ఒళ్లో వాలిపోయి ఉంటే మామ మేడ్చల్ డాక్టరు దగ్గర బల్లమీద కూర్చోకుండా అంతసేపూ నిలబడే ఉన్నాడు. డాక్టరు చిట్టీ రాసి, తాగే నీళ్లలో దొడ్డి నీళ్లు కలుస్తున్నట్టున్నాయి, చూసుకోండి అన్నాడు.

"మా బోరింగు నీళ్లు అద్దం లెక్క ఉంటయ్ సారూ" అన్నాడు మామ.

"అద్దంలా ఉంటే మంచివని కాదు పెద్దాయనా."

బయటికి రాగానే మామ మొహంలో వెలుగు చూశాను. "సమజైంది" అన్నాడు. "పటేలు బాయి."

బడికి పోయే దారిలో పటేలు తోట ఉంది. పిల్లలు ఆగి అక్కడి బావి దగ్గర నీళ్లు తాగుతారు. అది నిజమే. అయితే మామకు పటేలు బావి మీద అనుమానం రావడానికి ఆ నిజం అక్కర్లేదు. ఎన్నో ఏళ్ల కింద పటేలు బస్సెక్కి, "బస్సు ఆగేదే నా పొలంల, నాకు టికెట్ ఏంది?" అన్నాడు. మామ విజిల్ ఊది నడిరోడ్డు మీద దించేశాడు. పటేలు మల్లెపువ్వు లాంటి ధోవతితో ఎండలో నడిచి ఇల్లు చేరాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు మా బడికి వచ్చారు. ఊరి నీళ్లు ఊరివాళ్లే పరీక్ష చేసుకోవడం నేర్పుతామన్నారు. మామ చెయ్యెత్తాడు, నా చెయ్యి కూడా ఆయనే ఎత్తాడు. సీసాలు ఉత్తపుణ్యానికే ఇస్తారని విని ఖాలా కూడా ఎత్తింది, అత్తరు పోసుకోవచ్చని. వచ్చిన మేడమ్ చిన్న చిన్న సీసాలు చూపించింది. లోపల మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు గీత దాకా పోసి, మూత గట్టిగా బిగించి, ఒక పగలూ ఒక రాత్రీ వెచ్చటి చోట ఉంచాలి. నీళ్లు నల్లబడితే అందులో దొడ్డి నీళ్లు కలిశాయన్నట్టు. మారకపోతే మంచివి. ప్రతిసారీ ఒక సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు కూడా పోసి పెట్టాలి, అది కూడా నల్లబడితే మన చేతుల్లోనే ఏదో తప్పు జరిగినట్టు. ఇంతే చదువు. ఊళ్లో మాకు సీసాల కమిటీ అని పేరు పడింది.

మామ అటక మీది నుంచి పాత తోలు సంచి, టికెట్లు పెట్టుకునేది, దించి దులిపాడు. సీసాలు అందులో సర్దాడు. సీసాకు పేరు రాయడానికి మిగిలిపోయిన టికెట్ ముక్కలే అంటించాడు. మొదట వెళ్లింది పటేలు తోటకే. పటేలు బావి గట్టు మీద కూర్చుని పండ్లు తోముకుంటున్నాడు.

"నా బాయిల ఏమున్నదని ముంచుతున్నవ్?"

"టికెట్ లేనోళ్లు ఎవరన్న ఎక్కిన్రేమో సూస్తున్న" అన్నాడు మామ, చేద వదులుతూ.

బడి ట్యాంకువి, బోరింగువి, ఇంకో రెండు మూడు చోట్లవి కూడా పట్టుకున్నాం. తంటా ఇక్కడే వచ్చింది. అప్పటికి చలికాలం దిగింది. శామీర్‌పేట చెరువు మీది నుంచి వచ్చే చలిగాలికి మా ఇంట్లో వెచ్చటి చోటే లేదు. మేడమ్ మరీ మరీ చెప్పింది, చల్లగా ఉంటే రంగు మారదు, మారలేదు కదా అని మోసపోవద్దు అని. బియ్యం డబ్బాలో పెడదామంటే అత్త కర్ర తీసింది. పొయ్యి గట్టు మీద పెడితే మరీ కాలుతుంది. అప్పుడు ఖాలాకు ఆలోచన వచ్చింది.

"భాయ్, నా ఎర్రకోడి పొదుగుడు మీద కూసున్నది. దాని కడుపు కింద వెట్టు. ఎంత గరం అనుకున్నవ్!"

మామ ఖాలా వైపు ఎంత మెచ్చుకోలుగా చూశాడంటే, ఆ చూపు కోసం అత్త ఎన్నేళ్లు కాపురం చేసిందో పాపం. వెంటనే అందరం ఖాలా ఇంటి మూలన గంప దగ్గర చేరాం. కోడి గుర్రుమంటుంటే ఖాలా దాన్ని బుజ్జగిస్తూ గుడ్ల నడుమ సీసాలు పేర్చింది. మామ ఒక్కొక్క సీసా ఇచ్చే ముందు మూత కొంచెం వదులు చేస్తున్నాడు.

"మామా, గట్టిగ బిగించాలె అన్నది గదా మేడమ్."

"గాలాడకపోతే పురుగులు సచ్చిపోవా? అప్పుడు నల్లగెట్లయితయ్? గుడ్డుకైనా జర గాలి గావాలె."

"మేడమ్ అట్ల చెప్పలే మామా."

"మేడమ్ కోడి సంగతి గూడ జెప్పలే" అన్నాడు. ఇంకో సీసా మూత కూడా తిప్పి ఖాలాకు అందించాడు.

మర్నాడు గంప దగ్గర ఇంత కుళ్లు కంపు. గుడ్లన్నీ మురిగిపోయాయని ఖాలా నెత్తిన చేతులు పెట్టుకుంది. గుడ్లకేం కాలేదు, కంపు సీసాలది. అన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి. మామకు అన్నీ కనబడలేదు, ఒక్క పటేలు బావి సీసానే కనబడింది. దాన్ని పట్టుకుని పంచాయతీ ఆఫీసు అరుగెక్కి విజిల్ ఊదాడు. "పటేలు బాయి నీళ్లు తాగుడు బందు! పోరగాండ్లకు కామెర్లు గా బాయి కెల్లే వచ్చినయ్! దొడ్డి నీళ్లు గలిసినయ్!"

పటేలు రానే వచ్చాడు. వెనక ఊరు సగం వచ్చింది. మా తాతల నాటి బావి అని ఆయన, మీ తాతల నాటి మురికి అని ఈయన. పటేలు కర్ర ఎత్తాడు, మామ విజిల్ ఎత్తాడు. ఆ గొడవలో జనాన్ని తోసుకుంటూ అత్త వచ్చింది, చేతిలో ఒక సీసాతో. మా అత్త మామూలుగా నలుగురిలో మాట్లాడే మనిషి కాదు.

"గిది నేను మరుగవెట్టిన నీళ్ల సీస" అంది. "పొయ్యి మీద సలసల మసిలినయ్, నా సేతులార వోసిన. గిదీ నల్లగనే ఉన్నది. అంటే ఏంది, నేను మరుగవెట్టుడు గూడ తప్పేనా? ఇన్నేండ్ల సంది నేను వండిన కూడు తిన్నవ్ గదా, ఎన్నడన్న రోగమొచ్చిందా నీకు? జెప్పు, గీ అందరి ముంగట జెప్పు!"

మామ ఆ సీసానూ తన చేతిలోని సీసానూ మార్చి మార్చి చూశాడు. పటేలు కర్ర దించి, మామ చేతిలోని సీసా లాక్కుని ఎండకు పట్టి తిప్పి చూశాడు. మూత వదులుగా తిరిగింది. లోపలి నుంచి చిన్న ఎర్ర ఈక ఒకటి వేళ్లతో పట్టి బయటికి లాగాడు.

"గిదేంది?"

అందరూ మామ వైపు తిరిగారు. చివరికి ఖాలా ముందుకొచ్చింది. "నా కోడినేమన్నరంటే ఊకోను. దాని పని అది జేసింది. మూతలు ఇప్పింది భాయ్."

ఊరు ఎంత నవ్విందంటే, పక్క ఊళ్లో బస్సెక్కినవాళ్లు కూడా దాని గురించే చెప్పుకున్నారు. చాలా రోజులు మామ బజారులో కనబడితే చాలు, పిల్లలు కొక్కొక్కొ అనేవాళ్లు. ఇంకొకరైతే ఆ సీసాలు పారేసి మూల కూర్చునేవారు. మామ రెండు రోజులు మూల కూర్చున్నాడు. మూడో రోజు లేచి, కామెర్లు తగ్గుముఖం పట్టిన నా బిడ్డ నుదురు తడిమి, "పిల్లకు రోగమెందుకొచ్చిందో ఇంకా ఎరుకగాలే గదా. మల్ల తీద్దం" అన్నాడు. పటేలు దగ్గరికి తానే వెళ్లి, "తప్పయింది. ఇంకొకసారి ముంచనియ్యి" అన్నాడు.

"ముంచు. కని నాకు నీ మీద నమ్మకం లేదు. నా సీస నా తానే ఉంటది" అన్నాడు పటేలు.

ఈసారి కోడి లేదు. మామ సీసాలను తోలు సంచిలో పెట్టి, సంచిని చొక్కా కింద కడుపుకు కట్టుకుని, పైన స్వెట్టరు, ఆపైన గొంగడి కప్పుకున్నాడు. పటేలు తన బావి సీసాను తన రొంటిన దోపుకుని, ఈ కండక్టరు ఏ మాయ చేస్తాడోనని వచ్చి మా అరుగు మీద బైఠాయించాడు. ఇద్దరు ముసలివాళ్లు ఎదురెదురుగా పగలంతా కూర్చున్నారు. వంగితే సీసా ఒరుగుతుందని ఇద్దరూ వంగరు. అత్త చాయ్ ఇస్తే గ్లాసు నోటి దగ్గరికి ఎత్తుకోవడమే తప్ప, నోరు గ్లాసు దగ్గరికి పోదు. "నీది వెచ్చగున్నదా?" అని పటేలు అడుగుతాడు. "నా సంగతి నీకెందుకు?" అని మామ అంటాడు. కాసేపటికి "నీది?" అని మామే అడుగుతాడు. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని, ఎన్నో నెల అని అడిగి పోయారు.

మర్నాడు పొద్దున పటేలు తన సీసా తీశాడు. రంగు మారలేదు. దాన్ని మామ ముక్కు ముందు ఊపి, చేతికిచ్చి, స్నానం చేసి వస్తానని తోటకు పోయాడు. మా ఆయన పనికీ, ఆడబిడ్డ చదువుకూ పోగా, ఇంట్లో నేనూ, అత్తా, మామా మిగిలాం. మామ ఒక్కొక్కటీ తీసి గోడ మీద పెట్టాడు. బడి ట్యాంకుది మారలేదు. కాచిన నీళ్లది మారలేదు. అత్త "హా" అంది. ఒక్క సీసా మాత్రం నల్లగా ఉంది.

"ఇది యాడిది?"

నేను టికెట్ ముక్క చూశాను. చదవడానికి నోరు రాలేదు.

"సదువు."

"మన బోరింగుది మామా."

ఆయన అక్కడే నిలబడిపోయాడు. గోడకు అవతల పంపు కొడుతున్న చప్పుడు వినబడుతోంది. ఎవరో బిందె దించుతున్నారు. ఆయన చూపు మెల్లగా గోడ నుంచి ఇవతలికి, పెరట్లోకి, మరుగుదొడ్డి వైపు పోయింది. గుంత తవ్వే రోజు మేస్త్రీ జర దూరం పోవాలె సారూ అన్నాడు. అంత దూరం నడిచేటోడెవడు అని మామ నవ్వాడు. అది అత్తకు తెలుసు. అత్త నన్ను చూసింది, నేను అత్తను చూశాను. ఆ టికెట్ ముక్క ఊడబీకితే చాలు, నల్లబడింది ఏ నీళ్లో ఎవరికీ తెలియదు. ఊరు మొన్ననే అంతగా నవ్వింది, మళ్లీ ఈ మనిషిని ఎలా బయటికి పంపను అనుకున్నాను. కామెర్లు తగ్గి అప్పుడప్పుడే లేచి తిరుగుతున్న నా బిడ్డ స్టీలు గ్లాసు పట్టుకుని గుమ్మం దాటుతోంది, అందరితో పాటు పంపు దగ్గరికి.

మామ విజిల్ అందుకున్నాడు. అంత పొడుగు విజిల్ నేను అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. పరుగున వెళ్లి పిల్ల చేతిలో గ్లాసు లాక్కుని, పంపు ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

"హోల్డాన్! ఎవ్వరు తాగొద్దు. పట్టినయి పారవోయుండ్రి. నీళ్లు కరాబున్నయ్. గుంత నాది. నేనే తవ్విన. పటేలు బాయి మంచిగనే ఉన్నది. నా దొడ్డి నీళ్లే మీకు తాగవెట్టిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఖాలా బిందె ఒంపేసింది. ఒంపి, "నా మన్మడు సచ్చి బతికిండు భాయ్" అని మాత్రం అని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ మాటకు మామ మొహం ఎలా అయిందో నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ ఎర్ర పిడిని అప్పుడే ఊడదీసి ఇంట్లోకి తెచ్చి మూలన పెట్టాడు. ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్నది, ఒక్క పూటలో ఊడదీశాడు. మధ్యాహ్నానికి గడ్డపార పట్టుకుని మరుగుదొడ్డి పడగొట్టడం మొదలుపెట్టాడు. దూరంగా కొత్త గుంత తయారయ్యేదాకా మేమంతా చెంబులు పట్టుకుని పొలాల వెంట పడ్డాం. అత్త తిట్టని రోజు లేదు. మామ కిక్కురుమంటే ఒట్టు.

నీళ్లు ఎక్కడివి మరి? పటేలు బావివే. మామ ఒక తోపుడు బండి సంపాదించి, డ్రమ్ములు పెట్టుకుని, తల దించుకుని తోటకు వెళ్లాడు. నేను వెంట ఉన్నాను. పటేలు గట్టు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"టికెట్?" అన్నాడు.

మామ బండి ఆపాడు.

"టికెట్ లేనోళ్లను నడిమిట్ల దింపుతరంట గదా. యాదికున్నదా, ఎంత ఎండ ఉండె!"

"యాదికున్నది" అన్నాడు మామ. "దిగమంటే దిగుత. పోరగాండ్లకు మాత్రం నీళ్లియ్యి."

పటేలు ఖాళీ డ్రమ్ముల వైపు చూశాడు. ఏమనుకున్నాడో, కాలు దించి మోటారు వేశాడు. "జరుగు, జరుగు, లోపటికి జరుగు. మస్తు జాగున్నది" అన్నాడు. మామకు నవ్వు ఆగలేదు. నాకైతే ఏడుపు ఆగలేదు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ స్నేహితులు.

ఖాలా తలుపు అంత తొందరగా తెరుచుకోలేదు. మామ రోజూ బండి తేగానే మొదటి బిందె ఆమె గుమ్మంలోనే పోసేవాడు, మా ఇంటికి ఆఖరున. ఆమె పలకదు, ఆయన పిలవడు. బిందె మాత్రం రోజూ గుమ్మంలో పెట్టి ఉండేది. కొత్త గుంత పూర్తయి, బోరింగును మందు పోసి శుభ్రం చేయించాక కూడా మామ దానికి పిడి పెట్టనివ్వలేదు. ఊరికి పైపులు వచ్చేదాకా బండే. ఎండలు ముదిరే ముందు ఒక పొద్దున ఖాలా తలుపు తీసి, కొంగు సర్దుకుని, ఎటో చూస్తూ అంది. "భాయ్, ఎర్రకోడి మల్ల పొదుగుడు మీద కూసున్నది. సీసలున్నయా?"

మామ ఇంట్లోకి వచ్చి మూల తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. "ఈసారి మూత బిగిస్త" అన్నాడు నాతో, నేనేమీ అడగకపోయినా.

అప్పటి నుంచి మామతో ఎక్కడికైనా పోవడమంటే పరేషానే. సంచిలో సీసాలు లేనిదే కదలడు. యాప్రాల్‌లో మా చుట్టాల గృహప్రవేశానికి వెళ్లి, భోజనాల దగ్గర డ్రమ్ములో నీళ్లు సీసాలో పట్టుకుని "రేపు చెప్త" అన్నాడు. తిన్నవాళ్లంతా ఆ రేపటి దాకా కడుపులు తడుముకుంటూ గడిపారు. నా ఆడబిడ్డకు గాజులరామారం సంబంధం వస్తే, పిల్లవాడిని చూడకముందే వాళ్ల సంపులోకి తొంగి చూశాడు. ఏమంటారని అటువాళ్లు అడిగితే, "పిలగాడు మంచిగనే ఉన్నడు. సంపుకే మూత లేదు" అన్నాడు. మూత పెట్టించాకే లగ్గం పెట్టుకున్నారు. నా ఆడబిడ్డ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది, నా పెండ్లి ఆ మూతతో అయిందని. ఏటా తొలకరి పడగానే మామ సీసాలు కడుపుకు కట్టుకునేవాడు. పక్కన పటేలు కూడా. నా బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతోంది. బస్సెక్కే ముందు ఇంటి నీళ్ల సీసా చూపించి, "తాతా, టికెట్ ఉన్నది" అని చెప్పి పోయేది.

మామకు నేనెంత రుణపడి ఉన్నానో ఆయన బతికుండగా చెప్పలేదు. చెబితే "హోల్డాన్" అనేవాడు. ఆ గ్లాసు పిల్ల నోటి దాకా పోకుండా ఆపిన చెయ్యి ఆయనది.

మామ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, పెరట్లో గోడ మీద పెట్టాం. మటన్, జొన్నరొట్టె, కోడిగుడ్డు, దొప్పెడు కల్లు, పక్కన చాయ్. కాకి వచ్చింది. వచ్చి, పిడి లేని పాత బోరింగు మీద కూర్చుంది, అంతే. ఇటు చూస్తుంది, అటు చూస్తుంది, దిగదు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు పెద్దవాళ్లు. బీడీలు తెచ్చి పెట్టాం. విజిల్ తెచ్చి పెట్టాం. అత్త చేతులు జోడించి "పిల్లలు ఆకలి మీదున్నరు, జల్ది ముట్టవయ్యా" అని బతిమాలింది. పిట్ట ముట్టందే ఇంట్లో ఎవరూ తినకూడదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మా అత్త కళ్లు మళ్లీ నిండాయి, పోయినాయన మనసులో ఏం కష్టం పెట్టుకున్నాడో అని.

అప్పుడు పటేలు వచ్చాడు, కర్ర పొడుచుకుంటూ, ఒక చేతిలో ఇత్తడి చెంబు. మమ్మల్నందరినీ ఒకసారి చూసి, ధోవతి రొంటి సవరించి, లోపలి నుంచి చిన్న సీసా ఒకటి తీశాడు. దాని మీద పాత బస్సు టికెట్ ముక్క అంటించి ఉంది.

"నిన్న పొద్దుగాలనే కట్టుకున్న. సూడుండ్రి, నల్లగ గాలే. గీ చెంబుల ఉన్నయ్ గవే నీళ్లు" అన్నాడు. "ఊకె పెడితే ముడతడా మనోడు?"

చెంబులో నీళ్లు దొప్పలో పోశాడు. ఆ పక్కనే కాకికి కనబడేలా సీసాను నిలబెట్టాడు. ఖాలా ముందుకు వంగి మూత తిప్పి చూసి, బిగించే ఉందని తలూపింది. "ఇగ జరుగుండ్రి, అందరు లోపటికి జరుగుండ్రి" అన్నాడు పటేలు. మేమంతా వెనక్కి జరిగాం.

కాకి బోరింగు మీది నుంచి గోడ మీదికి దిగింది. మటన్ వైపు చూడలేదు, కల్లు వైపు చూడలేదు. సీసా దగ్గరికి గెంతుకుంటూ వచ్చి, మెడ వంచి ఒక కంటితో చూసింది, మెడ తిప్పి రెండో కంటితో చూసింది. ఆ తర్వాత దొప్పలో ముక్కు ముంచింది.